పెన్రిత్ రైల్లో పారమట్టా వాళ్లం

విమానం టికెట్ ధర చూసి మా ఆవిడ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మామూలు రోజుల్లో ఆ డబ్బుతో ఇద్దరం హైదరాబాద్ నుంచి సిడ్నీ వెళ్లి రావచ్చు. కానీ 2022 సెప్టెంబర్ 23న మా సిడ్నీ రగ్బీ లీగ్ జట్టు పారమట్టా ఈల్స్ టౌన్స్‌విల్‌ వెళ్లి, కౌబాయ్స్‌ను వాళ్ల ఊళ్లోనే 24-20తో ఓడించి ఫైనల్‌కి చేరాక ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు.

మా జట్టు ఆఖరిసారి టైటిల్ గెలిచింది 1986లో. అంతకు ముందు ఏడాదే, నాకు ఏడేళ్లప్పుడు, నాన్న ఉద్యోగం కోసం వెంట్‌వర్త్‌విల్ వచ్చాం. పారమట్టాకి రెండు స్టేషన్ల దూరం. ఆ ఫైనల్ టీవీలో నాన్న పక్కన కూర్చుని చూశాను. కాంటర్‌బరీ మీద 4-2. రెండు జట్లలో ఒక్కరూ ఒక్క ట్రై కూడా చేయలేదు, అంటే బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆనించలేదు. మా పెద్ద ఆటగాళ్లు రే ప్రైస్‌కీ, మిక్ క్రోనిన్‌కీ అదే ఆఖరి మ్యాచ్. నాన్నది భీమవరం దగ్గర పల్లె. ఈల్ అంటే మలుగుపామే కదా, అందుకే ఆయనకు వాళ్లెప్పుడూ ‘మన మలుగులే’. పారమట్టా అన్న పేరూ అలా వచ్చిందే, అక్కడి దారుగ్ ప్రజల మాటలో మలుగులుండే చోటని అర్థం. ఆట కూడా ఆయనకు కబడ్డీ వల్లే తేలిగ్గా ఎక్కింది. పట్టుకుని పడేస్తారు, లేచి మళ్లీ ఆడాలి, ఆరోసారి పట్టుబడేలోపు పని కాకపోతే బంతి అవతలి వాళ్లది.

నాన్న పోయాక అమ్మ మన దేశం వచ్చేస్తానంది. తనతో నేనూ వచ్చేశాను. ఎనిమిదేళ్లుగా మణికొండలో మధ్యాహ్నం పూట, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కడినే మ్యాచ్‌లు చూస్తున్నాను. గెలిస్తే ఫర్వాలేదు. ఓడినప్పుడే కష్టం. క్రికెట్లో ఇండియా ఓడితే అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో కూడా చెప్పుకోవడానికి మనుషులుంటారు. ఈల్స్ ఓడిపోయారని ఎవరికి చెప్పను?

పారమట్టాలో హోటల్ గదులు ఆ వారాంతం రెట్టింపు రేటు. సోమవారం సెలవు కూడా కలిసొచ్చి ఇంకా మండిపోయాయి. టూంగాబీలో పాత స్నేహితుడి ఇంట్లో దిగాను. శనివారం ఏం చేశానో గుర్తే లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టలేదన్నది మాత్రం గుర్తుంది.

ఆదివారం, అక్టోబర్ 2. ఒకే రోజు, ఒకే మైదానంలో మాకు రెండు ఫైనల్స్. ముందు ఆడవాళ్లది. లీగ్ దశలో ఒక్క మ్యాచే గెలిచి, ఎలాగో సెమీస్‌కి చేరి, అక్కడ అందరినీ ఆశ్చర్యపరిచి ఫైనల్‌కి వచ్చిన అమ్మాయిలు న్యూకాసిల్ చేతిలో 32-12తో ఓడిపోయారు. అప్పుడే నా కడుపులో ఏదో కదిలింది. కానీ మగవాళ్ల ఫైనల్ పెన్రిత్‌తో. ఆ సీజన్లో పెన్రిత్‌ను రెండుసార్లు ఓడించిన జట్టు మాది. నా ఆశకి ఆధారం ఉంది.

హాఫ్‌టైమ్‌కి పెన్రిత్ 18, మేము 0.

సరిగ్గా ఇదే స్టేడియంలో 2001 ఫైనల్‌కి నాన్నతో వచ్చాను. ఆ ఏడాది పట్టికలో మేమే మొదటి స్థానం. అయినా న్యూకాసిల్ మీద హాఫ్‌టైమ్‌కి 24-0తో వెనకబడ్డాం. నేను వెళ్లిపోదామని లేస్తే, నాన్న చొక్కా పట్టుకు లాగి ‘కూర్చోరా, ఇంకా నలభై నిమిషాలుంది’ అన్నారు. రెండో సగంలో మనవాళ్లు 24 కొట్టారు. 30-24తో ఓడిపోయాం. ఆ రాత్రి ఏడ్చానే గానీ, ఓటమి అంత బరువుగా అనిపించలేదు. 2009లో మెల్‌బోర్న్ చేతిలో 23-16తో ఓడాం. జీతాల పరిమితి దాటి మోసం చేశారని మరుసటి ఏడాది వాళ్ల టైటిల్ లాగేసుకున్నారు. అది మాకేమీ రాలేదు, ఎవరికీ ఇవ్వలేదు.

కాబట్టి ఈసారి ఎంత వెనకబడినా నేను లేవలేదు. ఎడమ అంచున మా సిమోన్సన్ పరిగెత్తుతున్నప్పుడు మా వైపు వాళ్లందరం నిలబడిపోయాం. ట్రై ఖాయమనుకున్నాం. ఎక్కడినుంచి వచ్చాడో పెన్రిత్ ఆటగాడు డిలన్ ఎడ్వర్డ్స్, మూల దగ్గర అతణ్ని గీత బయటికి నెట్టేశాడు. మ్యాచ్ నిజంగా అయిపోయింది అక్కడే. చివర్లో కెప్టెన్ గథర్సన్ ఒకటి, కోచ్ కొడుకు జేకబ్ ఆర్థర్ ఒకటి ట్రై చేశారు. ఆ కుర్రాణ్ని ఆ ఏడాది మా వాళ్లే కొందరు గేలి చేశారు, అది నాకెప్పుడూ బాధే. 28-12. మహోనీ, పపాలీ, న్యుకోరే ముగ్గురూ ఆ సీజన్‌తో వేరే క్లబ్బులకు వెళ్లిపోయారు. ఆ జెర్సీలో వాళ్లకదే ఆఖరు.

అసలు సంగతి రైలు. పెన్రిత్, పారమట్టా ఒకే లైన్ మీద ఉన్నాయి, మధ్య ముప్ఫై కిలోమీటర్లు. అంటే గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ ఒకే పెట్టెలో ఇంటికెళ్లాలి. లిడ్‌కోంబ్‌లో మారి ఎక్కేసరికి పై అంతస్తంతా వాళ్ల పాటలు. కింద అంతస్తులో ఒక పెద్దావిడ సీటు వెనుక భాగాన్ని ఇటు తోసి, వాళ్లకి వీపు పెట్టి కూర్చుంది. పక్కన ఖాళీ ఉంటే కూర్చున్నాను. డెబ్భై అయిదు పైనే ఉంటాయి. మెడలో నీలం పసుపు ఉన్ని మఫ్లర్, చేత్తో అల్లినది. ఒకచోట ఊడిపోతే వేరే నీలంతో అల్లి అతికించారు, రెండు నీలాలూ కలవలేదు.

‘ఆ ట్యాకిల్ చూశారా?’ అంది. నమస్కారమూ లేదు, పేరూ లేదు. చూశానన్నాను. ఆబర్న్ దాకా ఆ ఒక్క ట్యాకిల్ గురించే మాట్లాడుకున్నాం. సిమోన్సన్ లోపలి వైపు తిరిగి ఉండాల్సిందని ఆవిడ, చోటు లేదని నేను. హైదరాబాద్ నుంచి వచ్చానంటే ఆశ్చర్యపోలేదు. ‘మరి రాకుండా ఎలా ఉంటారు?’ అంది. 1981లో మొదటి టైటిల్ గెలిచిన రాత్రి జనం పాత కంబర్లాండ్ ఓవల్ స్టాండ్‌కి నిప్పు పెట్టారని నాన్న చెప్పగా విన్నాను. ఆవిడ అక్కడే ఉంది, భర్తతో రోడ్డు మీద నిలబడి చూసిందట. కోటు మూడుసార్లు ఉతికితే గానీ పొగ వాసన పోలేదట.

గ్రాన్‌విల్ దాటాక ఇద్దరికీ మాటలు అయిపోయాయి. మెట్ల మీద ఒక పెన్రిత్ తండ్రి, భుజం మీద నిద్రపోతున్న పిల్లాడు, వాడి ముఖాన రంగు ఆయన చొక్కాకి అంటుకుంది. మమ్మల్ని చూసి ఆయన పైవాళ్లని కాస్త తగ్గమన్నాడు.

పారమట్టాలో సగం పెట్టె ఖాళీ అయింది. ప్లాట్‌ఫాం నిండా నీలం పసుపు, ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. పెద్దావిడ నా చెయ్యి నొక్కి, ‘సరే, మార్చిలో’ అని మెట్ల వైపు వెళ్లిపోయింది. కొత్త సీజన్ మొదలయ్యేది అప్పుడే.

నేను హారిస్ పార్క్ వైపు నడిచాను. విగ్రం స్ట్రీట్‌లో మనవాళ్ల హోటల్ ఇంకా తెరిచే ఉంది. పొద్దున అక్కడే ఒక దోశకి పదహారు డాలర్లు ఇచ్చి గొణుక్కున్నాను. కౌంటర్లో నల్గొండ కుర్రాడు, చదువుకుంటూ రాత్రులు పనిచేస్తున్నాడు. నా జెర్సీ చూసి, ‘అన్నా, మనోళ్లు గెలిచిన్రా?’ అన్నాడు.

‘లేదు తమ్ముడూ. 28-12.’

వేడి రసం గ్లాసు తెచ్చి ముందు పెట్టాడు. లైట్లు కొన్ని ఆర్పేసి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఆట తనకు తెలియదట, ఎట్ల ఓడిన్రో మొదటి నుంచి చెప్పమన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను.