హోప్ ఐలాండ్ చాటున లంగరు

ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో మేము నడిపినవి నౌకాదళం వాడే 27 అడుగుల వేలర్ పడవలు. వాటికి ఇంజను ఉండదు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే ఐదు తెడ్లు. తీరం వెంబడి సాగిన యాత్రలో ఒకనాడు ఉప్పాడ వైపు నుంచి వస్తుండగా సాయంత్రానికి గాలి పడిపోయింది. తెడ్లు వేసీ వేసీ చేతులు బొబ్బలెక్కాక, కాకినాడ అఖాతంలో హోప్ ఐలాండ్ చాటున రాత్రి ఆగుదామని మాకు శిక్షణనిచ్చే చీఫ్ సారు నిర్ణయించారు.

గోదావరి తెచ్చిన ఇసుకా ఒండ్రూ పేరుకుని, సుమారు గత రెండు శతాబ్దాలలో ఏర్పడిన ఇసుక దిబ్బ అది. దాదాపు 16 కిలోమీటర్ల పొడవున సముద్రానికి అడ్డంగా పడి ఉండటం వల్లనే కాకినాడకు అంత నెమ్మదైన రేవు దక్కింది. దిబ్బకు అవతల కెరటాల హోరు వినిపిస్తూనే ఉన్నా, ఇవతల మా పడవ పక్కన నీరు కదిలీ కదలనట్లుండేది.

లంగరు వేయడమంటే ఇనుప ముక్కను నీళ్లలో పడేయడమేనని అంతవరకు అనుకునేవాళ్లం. సారు ముందుగా సీసపు గుండు కట్టిన తాడుతో లోతు చూపించారు, రెండు బారలు. "విసరకండి, జారవిడవండి. లోతుకు కనీసం ఐదింతలు తాడు వదలండి" అన్నారు. తాడు పొట్టిదైతే పడవ ఊగినప్పుడల్లా లంగరు పైకి లేచిపోతుందనీ, పొడవైనదైతే లాగుడు అడుగు వెంబడి సాగి దాని కొక్కెం బురదలోకి ఇంకా దిగుతుందనీ వివరించారు. తరువాత ఒడ్డున ఒక వలగుంజనూ, దాని వెనక ఒక చెట్టునూ ఒకే వరుసలో చూసుకోమన్నారు. ఆ వరుస చెదిరి తిరిగి కుదురుకోకపోతే లంగరు ఈడ్చుకుపోతున్నట్లే.

పులిహోర పొట్లాలు విప్పేసరికి చీకటి పడింది. దూరాన లంగరు వేసి ఉన్న సరకు ఓడల దీపాలు వెలిగాయి. పెద్ద ఓడ లంగరు మీద ఉంటే ముందు వైపు ఒక తెల్లదీపాన్ని ఎత్తుగానూ, వెనక వైపు మరొకదాన్ని కిందుగానూ పెడుతుంది గనుక, ఓడ కనిపించకపోయినా దాని ముఖం ఎటుందో చెప్పవచ్చు. సారు మాతో ఒక్కొక్క ఓడ ముఖమూ చెప్పించారు. పోటు తగ్గి పాటు మొదలయ్యాక మళ్లీ అడిగితే, బరువుతో లోతుగా మునిగిన ఓడలు ప్రవాహానికి ఎదురు తిరిగి ఉన్నాయి. ఖాళీగా తేలుతున్నది ఒకటి మాత్రం అప్పుడే లేచిన చిరుగాలికే ముఖం పెట్టింది. నీటి కదలికను దీపాలలో చదవవచ్చని ఏ తరగతి గదీ నాకు అంత తేటగా చెప్పలేదు. ఈ మాటకు మా భౌతికశాస్త్రం మాస్టారు నొచ్చుకోరనే ఆశిస్తున్నాను.

రాత్రంతా ఇద్దరిద్దరం వంతుల వారీగా కాపలా ఉన్నాం. చెట్టూ గుంజా చీకటిలో కనిపించవు గనుక, తాడు మీద చేయి ఆనించి, అది వణుకుతున్నదేమో చూడటమే మా పని. బురద మీద ఈడ్చుకుపోయే లంగరు తాడును అదరగొడుతుందట. తెల్లవారాక లంగరు ఎత్తితే దానితోపాటు గంపెడు నల్లని ఒండ్రు పైకి వచ్చింది. దాన్ని కడిగే వంతు ఎవరిదన్న వాదన ఉప్పుటేరులోకి చేరేదాకా తేలలేదు.