మంచం కింద ఆరుతున్న తలుపు

మా హన్మకొండ ఇంట్లో పడకగది తలుపు ఇంకా మంచం కిందే ఉంది. నాలుగు పలకలు, కోయించి పెట్టుకున్న పాత దూలం ముక్కలు. ఇల్లు ఊడవడానికి వచ్చే ఆమెకు వాటి మీద ఎంత కోపమో చెప్పలేను. మా వారు మాత్రం ఏమీ అనరు. పూజగది తలుపు కథ తెలిసిన మనిషి కాబట్టి.

నేను ప్రభుత్వ బడిలో డ్రాయింగ్ టీచర్ని. ఉలి పట్టుకుని నాలుగేళ్లే అయింది. పీటలు, ఒక పూజా మందసం అయ్యాక ధైర్యం వచ్చి పూజగది తలుపుకే దిగాను. బొమ్మ ముందే సిద్ధంగా ఉంది: వరంగల్ కోట కీర్తితోరణం మీద తోక తీగలై అల్లుకుపోయే పక్షి ఉంటుంది కదా, అది. బొమ్మ మీద మూడు నెలలు ఆలోచించాను. చెక్క మీద ఒక్క మధ్యాహ్నం.

వానాకాలంలో ఒక టింబర్ డిపోకు వెళ్లి మామిడి పలకలు తెచ్చాను. "బాగా ఎండిన చెక్క మేడమ్, రెండేళ్లుగా ఇక్కడే ఉంది" అన్నాడు డిపో అతను. ఎక్కడ ఉందో చూడాల్సింది. రేకుల కప్పు చివర, సగం వానలోనే ఉంది. రెండు నెలలు కూర్చుని పక్షిని చెక్కాను. పలకను చట్రంలో బిగించేటప్పుడు గట్టిగా ఉండాలని నాలుగు వైపులా జిగురు పూశాను, అది చాలదన్నట్టు మేకులూ కొట్టాను. ఏప్రిల్ మధ్యలో పక్షి మెడ మీద వెంట్రుకంత గీత కనిపించింది. మే వచ్చేసరికి అందులో రూపాయి బిళ్ల దూరింది.

మా వీధి చివర ఉండే వడ్రంగి పెద్దాయనను పిలిచాను. ఆయన బీటలో వేలు పెట్టి చూసి, "చెక్క తప్పేమీ లేదు బిడ్డా. అది కదలాలని చూసింది, నువ్వు కట్టేశావు" అన్నారు.

ఆ ఒక్క మాట మీదే నేను మళ్లీ మొదలుపెట్టాను. చెక్క పొడవునా దాదాపు కదలదు, అడ్డంగానే ముడుచుకుంటుంది, ఉబ్బుతుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండితే, చెట్టు ఏటేటా వేసుకునే వలయాల వెంబడి నూటికి దాదాపు అయిదు వంతులు, వలయాలకు అడ్డంగా అందులో సగం మాత్రమే తగ్గుతుంది. అందుకే పలకను ముందు చివర నుంచి చూడాలి. అక్కడ ఆ వలయాల గీతలు నిటారుగా నిలబడి ఉంటే మంచిది, విల్లులా వంగి ఉంటే ఆ పలక రేపు తానూ వంగుతుంది. ఇరవై అంగుళాల వెడల్పు పలక మన ఓరుగల్లు వానలకూ ఎండలకూ మధ్య నాలుగైదు మిల్లీమీటర్లు సులువుగా జరుగుతుంది. చట్రంలో గాడి తీసి, ఆ జరుగుబాటుకు చోటు వదిలి, జిగురు లేకుండా పలకను ఊరికే నిలబెట్టాలి.

అంటే తలుపుకు ఒక చెక్క కాదు, రెండు ఎంచుకోవాలి. నిలబెట్టే చెక్క వేరు, చెక్కే చెక్క వేరు. ఈ సంగతి రామప్పకు పిల్లల్ని ఎన్నిసార్లు తీసుకెళ్లినా నాకు తట్టలేదు. గుడి చాలావరకు ఎర్ర ఇసుకరాయి. సన్నని పనితనం చూపించాల్సిన స్తంభాలకూ దూలాలకూ వాళ్లు గ్రానైటునూ నల్లటి డోలరైటునూ తెచ్చుకున్నారు. నేను మాత్రం చట్రానికీ పక్షికీ ఒకే మామిడి తెచ్చాను.

చట్రానికి టేకే. దీని మీద వాదన అనవసరం. డిపోల్లో "బల్లార్షా టేకు" అని గొప్పగా చెబుతారు, అయోధ్య గుడి తలుపులకు వెళ్లింది కూడా బల్లార్షా ఉన్న ఆ మహారాష్ట్ర చంద్రపూర్ అడవుల టేకే. నాకు అంత ఖర్చు పడలేదు. పరకాల దగ్గర మా అత్తగారి ఊళ్లో పాత ఇల్లు విప్పుతుంటే దూలాలు అడిగి తెచ్చుకున్నాను. చుట్టాలు పొయ్యిలోకి అనుకున్నారు. బాడిసతో పైన ఒక పొర తీస్తే లోపల తేనెరంగు చేవ, మాను నడిమి గట్టి చెక్క! చేవకు అంతగా పట్టని చెదలు, పుచ్చు పురుగు అంచున ఉండే తెల్లచెక్కకు మాత్రం వెంటనే పడతాయి. అందుకే కొత్త చెక్క కొన్నా తెల్ల అంచు ఎంత ఉందో చూసి, దాన్ని లెక్కలోంచి తీసేయండి.

పాత దూలంతో ఒక చిక్కుంది. సామిల్లు అతను మేకులు తీయనిదే రంపం పెట్టనన్నాడు. పాడైపోయిన స్పీకరులోని అయస్కాంతాన్ని దారానికి కట్టి దూలమంతా తిప్పాను. పదకొండు మేకులు దొరికాయి.

ఎంత కావాలో ముందే లెక్క వేసుకోండి. ఆరున్నర అడుగుల ఎత్తు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న తలుపుకు నిలువు కమ్మీలు రెండు, అడ్డ కమ్మీలు మూడు, పలకలు రెండు. అడుగుల్లో పొడవును అంగుళాల్లో వెడల్పుతో, మందంతో గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు, అంటే డిపో వాళ్ల సీఎఫ్‌టీ వస్తుంది. నాకు రెండుకు కొంచెం పైన వచ్చింది. కోతలో, చిత్రికలో, నా తప్పుల్లో పోయేది కలిపి మూడు అనుకున్నాను.

ఇక చెక్కే పలక. టేకు మీద గీత అందంగానే వస్తుంది, కానీ ఆ చెక్కలో ఇసుకలాంటి సిలికా ఉంటుంది. పావుగంటకోసారి ఉలి సానరాయి మీదికి వెళ్లాల్సిందే. వేప ప్రయత్నించాను. పోగులు ఒకదానికొకటి ఎదురు తిరిగి ఆకు చివర పెచ్చు లేచింది, పైగా దుమ్ము గొంతు దాకా చేదు. నిర్మల్ బొమ్మల పొనికి కర్ర వెన్నలా తెగుతుంది, గోరు తగిలితే నొక్కు పడుతుంది. బొమ్మ అల్మారాలో కూర్చుంటుంది కానీ తలుపును మనవలు తంతారు. మా తమ్ముడు ఎండీఎఫ్ మీద, అంటే చెక్క పీచును జిగురుతో అదిమిన పలక మీద, మిషనుతో చెక్కించుకోమన్నాడు. వాళ్ల తలుపు అడుగు తడిగుడ్డ నీళ్లకే ఉబ్బి బిస్కెట్టులా ఉంది, ఇంకేమీ అనను. ప్లైవుడ్ అయితే ఉలి దిగిన కొద్దీ పొర పొరకూ పోగు దిశ మారిపోతుంది.

చివరికి పెద్దాయన చూపించింది గుమ్మడి టేకు. పేరు చూసి టేకు అనుకోకండి. అయితే వృక్షశాస్త్రం లెక్కలో రెండూ తులసి కుటుంబమే, కాబట్టి చుట్టరికం అబద్ధం కాదు. లేత పసుపు రంగు, తేలిక, తక్కువ ముడుచుకునే గుణం. కొనే ముందు తుక్కులోంచి ఒక ముక్క అడిగి, నా ఉలితోనే పోగుకు అడ్డంగా చిన్న గుంట తీశాను. అంచు పొడి కాకుండా నిగనిగలాడుతూ తెగింది. ఇప్పుడు ఏ డిపోకు వెళ్లినా ఉలి సంచిలోనే ఉంటుంది. డిపో వాళ్లు విచిత్రంగా చూస్తారు, చూడనివ్వండి.

పది అంగుళాల పలకలు నాలుగు తెచ్చాను. రెండేసి అతికిస్తే ఒక్కో వెడల్పు పలక అవుతుంది, అతుకు తీగ కాడ కిందికి వచ్చేలా బొమ్మను కాస్త జరిపాను. పూతకు లక్కా స్పిరిటూ చాలు, లోపలి తలుపే కదా. అవిసె నూనె వాడేవారు మాత్రం ఆ గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరేయాలి. పెంబర్తి నుంచి ఇత్తడి పిడి కూడా తెచ్చేశాను. తలుపు లేకుండా పిడి ఎందుకని మా వారు ఒక్కసారి మాత్రం అడిగారు.

"ఎండింది" అనే మాటను ఈసారి ఎవరి నోటి నుంచీ నమ్మడం లేదు. ప్రతి ఆదివారం వంటింటి కాటా తెచ్చి ఒక్కో పలకనూ తూచి, తేదీతో సహా దాని వెనకే పెన్సిలుతో రాస్తున్నాను. వరుసగా నాలుగు వారాలు బరువు మారకపోతేనే ఉలి. మొదటి పలక వచ్చినప్పుడు 4 కిలోల 310 గ్రాములు. పోయిన వారం 3 కిలోల 860. ఈ ఉదయం 3 కిలోల 820. ఇంకా నలభై గ్రాములు దిగింది, మళ్లీ మంచం కిందికి తోసేశాను.