తాతయ్య మాటకి లింకు లేదు

"తాతయ్య చెప్పింది రాయనమ్మా, దానికి సోర్స్ లేదు" అంది మా అమ్మాయి.

సోషల్ స్టడీస్ ప్రాజెక్టుకి తనే రామప్ప గుడి ఎంచుకుంది. నాకెంత సంతోషమైందో! 1213లో కట్టడం మొదలైందనీ, పైకప్పు బరువు తగ్గించడానికి "తేలే ఇటుకలు" వాడారనీ, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిందనీ యునెస్కో పేజీ చూసి రాసుకుంది. ఆ రాత్రి వీడియో కాల్‌లో మా నాన్న, చిన్నప్పుడు పాలంపేటలో గుడి పక్కన పడున్న ఇటుక ముక్కని చెరువులో వేసి చూశామనీ, మునగలేదనీ చెప్పారు. అది నీళ్ళమీద ఎలా ఊగిందో అరచేయి ఆడించి చూపించారు. అది మాత్రం రాయనంది.

ఇంటర్వ్యూ కూడా సోర్సే కదా అన్నాను. "తాతయ్యకి ఆ గుడంటే ఇష్టం, బయాస్ ఉంటుంది" అంది. చాలా కోపం వచ్చింది.

టీచర్‌ని తప్పుపట్టలేను. చెట్లెక్కే ఆక్టోపస్‌ని కాపాడమంటూ 1998 నుంచి నెట్‌లో ఉన్న బూటకపు సైటుని క్లాసులో చూపించి, నమ్మే ముందు ఇంకో ట్యాబ్ తెరిచి ఎవరు రాశారో వెతకమని నేర్పారు. పిల్లలున్న ప్రతి ఇంటికీ నేను చెప్పేదీ అదే. క్లాసులో నెట్ వద్దనకండి, ఈ వెతుకులాట నేర్పుతున్నారో లేదో అడగండి. ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డులు వస్తే అలా చూడమని తనకి చెప్పేదీ నేనే. ఆ ప్రశ్న మా నాన్నదాకా వచ్చేసరికి తట్టుకోలేకపోయాను.

అయినా ఒకటి మింగుడుపడటం లేదు. శిల్పి పేరే గుడికి వచ్చిందన్న మాట రిపోర్టులో ఉంది. ఎక్కడిదంటే మూడు ట్రావెల్ సైట్లు చూపించింది. మూడింట్లోనూ దాదాపు అవే వాక్యాలు. ముందు ఎవరు రాశారో, దేన్ని చూసి రాశారో ఎక్కడా లేదు. ఒకరిని చూసి ఒకరు రాసుకుంటే అది మూడు సాక్ష్యాలెలా అవుతుంది? ఇటుకని చేత్తో పట్టుకున్న మనిషి మన కుటుంబంలోనే ఉన్నాడు కదా!

రేపు మా నాయనమ్మ నాట్లేస్తూ పాడిన పాటల గురించి రాయాల్సి వస్తే ఏ లింకు ఇస్తుంది?

నాన్న చెప్పింది రికార్డు చేసి, అది ఏ ఏడాదో, పక్కన ఎవరున్నారో అడగమని తనకి చెప్పాలని ఉంది. మనవరాలు తనని నమ్మట్లేదని ఆయన నొచ్చుకుంటారేమోనని భయం. అడక్కపోతే ఆ సంగతి నాతోనే ఆగిపోతుంది. ఆదివారం కాల్ లోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి.