గూడిసన్‌లో చివరి డెర్బీ

లివర్‌పూల్‌లో కొత్తగా పనిలో చేరినవాణ్ణి పేరు అడిగాక అడిగే రెండో మాట ఒకటుంది: ఎరుపా, నీలమా? ఎరుపంటే లివర్‌పూల్ ఎఫ్‌సీ, నీలమంటే ఎవర్టన్. ఫుట్‌బాల్ అంతగా తెలియదంటే ఊరుకోరు. క్రికెట్ చూస్తూ పెరిగిన నేను మొదటి వారంలోనే నీలం అని చెప్పేశాను. నేను కేరర్‌గా చేసే వృద్ధుల హోమ్ వాల్టన్‌లో ఉంది. బస్సు దిగి నడిచే దారిలోనే ఎవర్టన్ మైదానం గూడిసన్ పార్క్. చుట్టూ ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్ల వరసలు, రెండు స్టాండ్లు కలిసే మూలలో సెయింట్ ల్యూక్ చర్చి, వాటి మధ్యలో నీలం స్టేడియం. రోజూ ఆ గోడ వెంట నడిచి డ్యూటీకి వెళ్లేవాడికి ఇంకో రంగు ఎలా నచ్చుతుంది?

2025 ఫిబ్రవరి 12, బుధవారం రాత్రి అక్కడ జరిగిన పురుషుల ఆఖరి డెర్బీ, అంటే ఈ రెండు జట్ల మధ్య మ్యాచ్, 2-2తో డ్రా అయింది. అసలది 2024 డిసెంబర్ 7న జరగాలి. డారా తుఫాను గాలులకు వాయిదా పడింది. డిసెంబర్‌లోనే ఆడి ఉంటే మేం చిత్తుగా ఓడేవాళ్లమని నా గట్టి నమ్మకం. జనవరిలో డేవిడ్ మోయెస్ మేనేజర్‌గా తిరిగొచ్చాకే మావాళ్ల కాళ్లలో కదలిక వచ్చింది.

ఆ రోజు నాది లేట్ షిఫ్ట్, రాత్రి పది దాకా. డెర్బీ రోజున సెలవు అడగడం దండగ. డ్యూటీల రోటా గోడకెక్కేలోపే ఈ ఊళ్లో పుట్టినవాళ్లు అడిగేసుకుంటారు. నాకూ హోమ్‌లో చూడటమే ఇష్టం. మా లాంజ్‌లో డాక్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకాయన ఉంటారు, నరనరానా నీలమే. ఆయన పక్క కుర్చీ పెద్దావిడది ఎరుపు. ఆవిడ భర్త మాత్రం బతికున్నన్నాళ్లూ ఎవర్టన్ మనిషేనట. ఇక్కడ ఇది వింతేమీ కాదు. ఒకే ఇంట్లో అన్న ఎరుపు, తమ్ముడు నీలం.

ఈ రెండు జట్లూ ఒక అద్దె గొడవలోంచి పుట్టిన దాయాదులు. మొదట ఆన్‌ఫీల్డ్‌లో ఆడింది ఎవర్టనే. అద్దె విషయంలో మైదానం యజమాని జాన్ హౌల్డింగ్‌తో చెడి, 1892లో స్టాన్లీ పార్క్ దాటి ఇవతలికి వచ్చేసింది. ఖాళీ అయిన మైదానం కోసం ఆయన కొత్త జట్టు పెట్టాడు. అదే లివర్‌పూల్. ఈ మైదానం నుంచి ఆ మైదానానికి మైలు కూడా లేదు.

పెద్దాయన దగ్గర కూర్చుంటే డెర్బీ డ్రాలన్నీ పూసగుచ్చినట్టు చెబుతారు. గెలుపుల కంటే డ్రాలే ఎక్కువ చెబుతారు. 1984లో వెంబ్లీలో లీగ్ కప్ ఫైనల్ 0-0 అయితే రెండు రంగులవాళ్లూ కలిసి "మెర్సీసైడ్, మెర్సీసైడ్" అని అరిచారట. 1991లో గూడిసన్‌లో ఎఫ్ఏ కప్ రీప్లే 4-4. ఎవర్టన్ నాలుగుసార్లు వెనకబడి నాలుగుసార్లూ అందుకుంది. రెండు రోజులకు డాల్‌గ్లిష్ లివర్‌పూల్ మేనేజర్ పదవి వదిలేశాడు. ఆ 4-4 చెప్పేటప్పుడు ఆయన చేతి వణుకు కూడా తగ్గుతుంది. నేను ఎన్నిసార్లు చూశానో.

కానీ 1989 మే 3 నాటి 0-0 గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తారు. హిల్స్‌బరో దుర్ఘటన తర్వాత లివర్‌పూల్ ఆడిన మొదటి పోటీ మ్యాచ్ అది, గూడిసన్‌లోనే. స్టేడియంలో తొక్కిసలాటై 97 మంది లివర్‌పూల్ అభిమానుల్ని బలిగొన్న దుర్ఘటన. ఆ వారాల్లో ఎరుపు, నీలం స్కార్ఫులు ఒకదానికొకటి ముడివేసి స్టాన్లీ పార్క్ మీదుగా ఒక స్టేడియం నుంచి ఇంకోదాని దాకా కట్టారు. ఆ రాత్రి ఎవరు గెలిచినా బాగుండేది కాదని ఆయన అంటే పక్క కుర్చీలో ఆవిడ తలూపుతారు. వాళ్లిద్దరూ ఒప్పుకున్న విషయం నాకు తెలిసి అదొక్కటే.

ఇక ఆ బుధవారం. 11వ నిమిషంలోనే బెటో గోల్ కొట్టాడు. మా సంబరం ఐదు నిమిషాలే. సలా ఇచ్చిన బంతిని మాక్ అలిస్టర్ తలతో లోపలికి పంపాడు. హాఫ్ టైమ్‌లో నేను టీలు కలిపాను. మింగడం కష్టమైనవాళ్లకు టీలో చిక్కదనం కోసం పొడి వేస్తాం. ఉండలు కట్టకుండా కలుపుతూ ఉండాలి, తర్వాత కాసేపు ఆగాలి. పెద్దాయనకు ఆ ఆగడమే నచ్చదు. "అబ్బాయ్, రెండో సగం మొదలైపోతోంది, తొందరగా తే!"

73వ నిమిషంలో సలా కొట్టాడు. 1-2. పెద్దావిడ చేయెత్తి నాకేసి ఊపారు. పెద్దాయన పడుకుంటానన్నారు. పడుకోబెట్టాల్సిన వేళ దాటింది కూడా. కానీ వీల్‌చెయిర్ బ్రేక్ తీయడానికి నాకు చేతులు రాలేదు. ఇంకో ఐదు నిమిషాలు ఉందామన్నాను.

98వ నిమిషం. బాక్స్‌లోకి పడ్డ బంతిని ఇరోగ్‌బునమ్ తలతో పైకి లేపాడు. కిందికి దిగుతున్నదాన్ని టార్కోవ్‌స్కీ కుడికాలితో ఈడ్చి కొట్టాడు. అతను డిఫెండర్! బంతి వల పైకప్పుకు తగిలింది. నైట్ షిఫ్ట్‌కి వచ్చిన సహోద్యోగి, ఎరుపు మనిషి, కోటు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. గోల్ చెల్లుతుందో లేదో వీడియోలో (వీఏఆర్) చూస్తున్నారన్నారు. ఆ కాసేపు పెద్దాయన నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. గోల్ ఇచ్చారు. అంత సన్నటి చేతుల్లో అంత బలం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మ్యాచ్ అయ్యాక గొడవైంది. దుకురే వెళ్లి లివర్‌పూల్ అభిమానుల ముందు సంబరం చేయడం, కర్టిస్ జోన్స్ అడ్డం రావడం, ఇద్దరికీ రెడ్ కార్డులు, లివర్‌పూల్ మేనేజర్ స్లాట్‌కీ రెడ్ కార్డు. మావాడు చేసింది నాకు నచ్చలేదు. అంత మంచి గోల్ తర్వాత అది అక్కర్లేదు.

మర్నాడు స్టాఫ్ రూమ్‌లో ఎరుపువాళ్లు, మేమేదో వాళ్ల రెండు పాయింట్లు దొంగిలించినట్టు మాట్లాడారు. నిజానికి వాళ్లకు పోయిందేమీ లేదు. ఆ డ్రాతో కూడా ఆర్సెనల్ కంటే ఏడు పాయింట్లు ముందున్నారు, ఏప్రిల్ 27న లీగ్ గెలిచేశారు. మేం 13వ స్థానంలో ముగించాం. ఆ ఏడాది మాకు కప్పు లేదు, దానికి దగ్గర్లో కూడా లేము. అందుకే ఆ ఒక్క పాయింట్‌ని డ్రా అని కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను. పనిలో చేరిన రోజు నుంచి నాతో పొద్దున పలకరింపు తప్ప మాట్లాడని వంటాయన కూడా ఆ రోజు తెడ్డు పట్టుకుని బయటికొచ్చి టార్కోవ్‌స్కీ దెబ్బ ఎలా తగిలిందో చేసి చూపించాడు. నీలం మనిషని అంతవరకు నాకు తెలియదు. ఇప్పుడు మా ఇద్దరికీ మాటలు చాలడం లేదు.

ఎవర్టన్ పురుషుల జట్టు బ్రామ్లీ-మూర్ డాక్ దగ్గర కొత్త స్టేడియానికి వెళ్లిపోయింది. గూడిసన్‌ని కూల్చకుండా మహిళల జట్టుకు ఇచ్చారు, మంచి పని చేశారు. పెద్దావిడ ఇప్పటికీ మొత్తం డెర్బీల లెక్క తీస్తారు, అందులో లివర్‌పూల్‌దే పైచేయి. పెద్దాయన ఒప్పుకోరు. "ఆన్‌ఫీల్డ్ సంగతి నాకెందుకు? గూడిసన్‌ది చెప్పు అబ్బాయ్" అని నావైపు తిరుగుతారు. నేను గట్టిగా, ఆవిడకూ వినబడేలా చెబుతాను: ఆడినవి 120. మనం 41, వాళ్లు 41, డ్రాలు 38.