జామాయిల్ నరికించే లెక్కలు
ఈ వారమంతా సత్తుపల్లి దగ్గర మావయ్య వాళ్ల జామాయిల్ తోట నరికించే పనిలోనే ఉన్నాను. చెట్టు పడేయడం పెద్ద పనేం కాదు. పవర్ సా పట్టిన కుర్రాడు చూస్తుండగానే ఒకదాన్ని పడేసి పక్కదానికి వెళ్లిపోతున్నాడు. అసలు ఖర్చంతా ఆ తర్వాతే. కొమ్మలు కొట్టాలి, ముక్కలు కోయాలి, పచ్చిగా ఉండగానే బెరడు ఒలవాలి, లారీకి ఎత్తాలి. ఆలస్యమైతే కర్ర ఆరి తూకం తగ్గిపోతుందని ఒకటే టెన్షన్.

స్వీడన్, ఫిన్లాండ్‌లలో నరకడం, కొమ్మలు తీయడం, ముక్కలు కోయడం అన్నీ హార్వెస్టర్ అనే ఒక్క మిషనే చేసేస్తుంది. "అది మనకెందుకు రాదురా?" అన్నాడు మావయ్య. దాని ధర కోట్లలో ఉంటుంది, ఖాళీగా నిలబెట్టినా వడ్డీ ఆగదు. చెట్టు లావుగా ఉంటేనే టన్నుకి పడే ఖర్చు తగ్గుతుంది. మనం నాలుగైదేళ్లకే నరికేస్తాం, అంతా సన్న కర్ర. పైగా రెండెకరాలు ఇక్కడ, మూడెకరాలు ఇంకో ఊళ్లో. మిషన్ని తిప్పడానికే డబ్బులైపోతాయి. ఇంకో సంగతి, మోళ్ల నుంచి పిలకలొచ్చి మళ్లీ పంట రావాలి. బరువైన చక్రాలు వాటి మీదకెక్కితే అది దెబ్బతింటుంది.

మనలాంటి వాళ్లకి బెరడు ఒలిచే మిషన్ వస్తే చాలు. నలుగురైదుగురు రైతులు కలిసి కొనుక్కుంటే ఏడాదంతా ఏదో ఒక తోటలో పనిచేస్తుంది, అప్పుడే అది గిట్టుబాటు. పొద్దున్నుంచి వంగి ఒలిచేవాళ్ల వేళ్లు రసం పట్టి నల్లబడి, గోళ్ల పక్కన చీలిపోయి ఉన్నాయి. ఆ పని మనుషులతో ఇంకా చేయించడం నాకు నచ్చలేదు. మావయ్యతో అదే అన్నాను. పక్క తోటల వాళ్లని అడిగి చూస్తానన్నాడు.