అద్దం దిగింది, ఎక్కనంటోంది

కారు పవర్ విండో, అంటే స్విచ్‌తో ఎక్కి దిగే అద్దం, ఆగిపోగానే మోటారు పోయిందనుకుని ఆటోనగర్‌కి పరిగెత్తకండి. ముందు స్విచ్ నొక్కి చెవి పెట్టండి.

మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తూ అద్దం కదలకపోతే, రెగ్యులేటర్ (అద్దాన్ని ఎత్తి దించే అమరిక) కేబుల్ తెగిందనో, అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్ విరిగిందనో లెక్క. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు చూడండి. అదీ బాగుంటే మోటారు ప్లగ్ దగ్గర మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటరు) పెట్టి స్విచ్ నొక్కండి. 12 వోల్టులు వస్తున్నా తిరగకపోతే అప్పుడు మోటారుదే తప్పు. రాకపోతే స్విచ్చో, డోర్ మడత దగ్గర నలిగిన వైరో.

మన బెజవాడ ఎండకీ దుమ్ముకీ ఎక్కువగా మొరాయించేది మాత్రం అద్దం జారే రబ్బరు గాడి. తడిగుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. ఇంజన్ ఆయిల్ వద్దు బాబూ, రబ్బరు ఉబ్బిపోతుంది.

డోర్ లోపలివైపు ప్యాడ్ విప్పేటప్పుడు హ్యాండిల్ వెనక, ఆర్మ్‌రెస్ట్ లోపల దాక్కున్న స్క్రూలు ముందు తీయాలి. రెగ్యులేటర్ ముట్టుకునే ముందు అద్దాన్ని పైకి లేపి ఫ్రేమ్‌కి టేప్ వేయండి, లేదంటే ధబ్బున లోపలికి పడుతుంది. లోపలి ప్లాస్టిక్ షీటు చింపి పారేసే మెకానిక్‌లున్నారు, మళ్లీ అతికించమని పట్టుబట్టండి. అది లేకపోతే వానాకాలంలో కాళ్ల కింద మ్యాట్లు తడిసిపోతాయి.