బియ్యంలో ముక్కు పురుగులు

నెల్లూరు నుంచి అత్తయ్య పంపిన బియ్యం బస్తాకి పురుగు పట్టింది. పారేద్దాం అన్నారు ఇంట్లో, నాకు మనసొప్పలేదు, వాళ్ల చేలో పండిన బియ్యం అవి. చేటలో పోసి చూస్తే కొన్ని గింజలకి సూదిమొనంత కన్నం, గోటితో నొక్కితే పిండిలా రాలిపోతున్నాయి. ఆడపురుగు గింజని తొలిచి లోపల గుడ్డు పెట్టి పైన మూసేస్తుంది, పిల్లపురుగు ఆ గింజనే తింటూ లోపలే పెరుగుతుంది, అందుకే ఎంత చెరిగినా నెల తిరిగేసరికి మళ్లీ కనిపిస్తాయి. చెన్నై ఉక్కపోత వాటికి భలే అనుకూలం. వేపాకు, ఎండుమిర్చి వేస్తే కొత్తవి కాస్త దూరంగా ఉంటాయేమో గానీ గింజ లోపలున్నదాన్ని ఏమీ చేయలేవు.

పనిచేసింది ఫ్రీజరే. జల్లించి, చిన్న కవర్లలో పోసి మూతి గట్టిగా కట్టి మైనస్ 18 డిగ్రీల్లో వారం ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా కవరు విప్పొద్దు, లోపల చెమ్మ పడుతుంది. తర్వాత గట్టి మూత డబ్బాల్లోకి. అల్మరా మూలల్లో రాలిన గింజలు, రవ్వ కూడా ఊడ్చేయాలి, సగం పురుగులు అక్కడే దాక్కుంటాయి.

షాపులో ఒకాయన గ్యాస్ బిళ్లలు వేయమన్నాడు, దయచేసి ఎవరూ వేయకండి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలైతే చెమ్మ తగలగానే ఫాస్ఫీన్ వాయువు వస్తుంది, తలుపులు మూసిన ఇంట్లో ప్రాణాలే పోతాయి. పురుగు పట్టిన బియ్యం కడిగి వండుకుంటే ఏమీ కాదు.